ఫిర్యాదు కూడా ఒక సాక్ష్యమే

అల్లాహ్‌కు స్తోత్రం. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

 

సంగారెడ్డి జిల్లాలో బీదర్ సరిహద్దు పక్కన న్యాల్‌కల్ మండలం ఉంది. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపించే ప్రాంతం అది. జొన్న, కంది, చెరకు పండించే ఇళ్ళ నుంచే పిల్లలు జహీరాబాద్ ఫ్యాక్టరీలకు, హైదరాబాద్ కంపెనీలకు, గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. నిమ్జ్ కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో భూసేకరణ మొదలైనప్పటి నుంచి కంపెనీ, ఉద్యోగం అనే మాటలు అక్కడ ప్రతి ఇంటి మాటలయ్యాయి.

ఇటీవల ఆ ఊళ్ళో జుమా నమాజ్ ముగిశాక ఒక యువకుడు నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఫోను నా చేతికిచ్చి, "మౌలానా సాబ్, ఇది చదవండి" అన్నాడు. హైదరాబాదులోని ఒక కంపెనీలో పనిచేసే వ్యక్తి ముస్లింలను కించపరుస్తూ అందరికీ కనిపించేలా రాసిన మాటలవి. ఇక్కడ మళ్ళీ చెప్పదగినవి కావు. చదివితే నాకూ గుండె మండింది.

"ఇతని కంపెనీ పేరు దొరికింది. ఈమెయిల్ అడ్రసు కూడా దొరికింది. అయిదొందల మందిమి రాస్తే ఇతని నౌకరీ పోతుంది. మీరు మసీదులో ఒక్క మాట ప్రకటించండి చాలు" అన్నాడు ఆ అబ్బాయి.

నేను ఒకే ప్రశ్న వేశాను: "బాబూ, అతను ఈ మాటలు రాసిన చోట నువ్వు స్వయంగా చూశావా?"

"లేదు. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వచ్చింది."

"ఎప్పుడు రాశాడో తెలుసా?"

"తెలియదు."

ఆ అబ్బాయి బాధ నిజమైనది. దైవప్రవక్త (స)ను, దైవ ధర్మాన్ని, తన వాళ్ళను తూలనాడితే మనసు నొచ్చుకోని విశ్వాసి ఉండడు. అయితే ఆ బాధను ఏ దారిలో నడపాలో మన ధర్మం నేర్పింది. ఈ నెల దాని గురించే మాట్లాడుకుందాం.

అన్యాయానికి గురైనవాడు నోరు విప్పవచ్చా?

తప్పకుండా విప్పవచ్చు. చెడు మాటను బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదని చెబుతూనే, అన్యాయానికి గురైన వ్యక్తికి మినహాయింపు ఉందని సూరా అన్-నిసా 148వ ఆయత్ స్పష్టం చేసింది. ఒకరి వెనుక వారి చెడును చెప్పుకోవడం గీబత్. అది మహాపాపం. కాని కొన్ని సందర్భాల్లో అది పాపం కాదని ఇమామ్ నవవీ (రహ్మలై) రియాజుస్సాలిహీన్‌లో వివరించారు. న్యాయం చేయగల అధికారి వద్ద అన్యాయాన్ని విన్నవించడం వాటిలో మొదటిది. హజ్రత్ హింద్ (రజి) తన భర్త ఇంటి ఖర్చుకు సరిపడా ఇవ్వడం లేదని దైవప్రవక్త (స)కు మొరపెట్టుకున్నప్పుడు, ఆయన (స) ఆమెను వారించలేదు. విని, పరిష్కారం చెప్పారు.

కాబట్టి "సహించాలి, నోరు మూసుకోవాలి, మనకెందుకు" అనడం ధర్మం కాదు. అన్యాయం చేసేవాణ్ణి ఆపడం కూడా అతనికి సహాయం చేయడమేనని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఒక ఉద్యోగి సాటి మనుషులను నలుగురిలో హీనపరిస్తే, అతని సంస్థకు తెలియజేసే హక్కు మనకుంది. ఆ హక్కును ఎలా వాడుకోవాలన్నదే అసలు ప్రశ్న.

కూఫా మసీదుల్లో జరిగిన విచారణ

ఉద్యోగి మీద యజమానికి ఫిర్యాదు వెళ్ళడం కొత్త విషయం కాదు. హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) కూఫాకు గవర్నరుగా ఉండేవారు. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఆయన ఒకరు, ఖాదిసియా విజేత. అలాంటి వ్యక్తి మీద కూఫావాసులు కొందరు మదీనాకు ఫిర్యాదు చేశారు. ఆయనకు నమాజ్ కూడా సరిగా చేయించడం రాదన్నారు!

హజ్రత్ ఉమర్ (రజి) ఏం చేశారు? ఫిర్యాదును చెత్తబుట్టలో వేయలేదు. అలాగని విన్నదంతా నమ్మనూ లేదు. పదవి నుంచి తప్పించి, పిలిపించి, ముందు ఆయన మాట విన్నారు. తర్వాత మనుషులను కూఫాకు పంపారు. వారు ఒక్కో మసీదుకూ వెళ్ళి విచారించారు. అందరూ సఅద్ (రజి)ను మెచ్చుకున్నారు. బనూ అబ్స్ వారి మసీదులో మాత్రం ఒకడు లేచాడు. ఈయన సైన్యంతో వెళ్ళడు, సమానంగా పంచడు, న్యాయంగా తీర్పు చెప్పడు అని మూడు నిందలు వేశాడు.

అప్పుడు సఅద్ (రజి) మూడు దుఆలు చేశారు. ఇతను అబద్ధమాడి ఉంటే, పదిమందిలో పేరు కోసం లేచి నిలబడి ఉంటే, ఇతని ఆయుష్షును పొడిగించు, దారిద్య్రాన్ని పెంచు, ఉపద్రవాల పాలు చెయ్యి అని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ మనిషి పండు ముసలివాడై వీధుల్లో అవమానాల పాలయ్యాడు. సఅద్ శాపం తగిలిందని తానే చెప్పుకునేవాడు. ఇది బుఖారీ గ్రంథంలో ఉన్న సంఘటన.

"పదిమందిలో పేరు కోసం" అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. ఈ రోజు మనం చేసే ఫిర్యాదుల్లో ఎన్ని న్యాయం కోసం, ఎన్ని పేరు కోసం? కంపెనీకి ఉత్తరం రాయడానికి ముందే దాన్ని నాలుగు గ్రూపుల్లో పెట్టి మెచ్చుకోళ్ళు లెక్కపెట్టుకుంటే, మన ప్రతిఫలం ఆ మెచ్చుకోళ్ళతోనే తీరిపోయిందేమోనని భయపడాలి.

ఇంకొక సంగతి. హజ్రత్ ఉమర్ (రజి) మరణశయ్య మీద ఉన్నప్పుడు కూడా సఅద్ (రజి)ను మరిచిపోలేదు. అసమర్థత వల్లనో, నమ్మకద్రోహం వల్లనో ఆయనను తాను తొలగించలేదని అందరి ముందూ చెప్పారు. ఒకరి మీద నింద వీధిలో పడితే, ఆ నింద వీధిలోనే తొలగాలి. మనం తప్పుడు ఫిర్యాదును పదిమందికి పంపి, తప్పని తెలిశాక మౌనంగా తుడిచేసుకుంటే సరిపోదు.

ముందు నిర్ధారణ

బనూ ముస్తలిఖ్ తెగవారి దగ్గర జకాత్ తీసుకురమ్మని దైవప్రవక్త (స) ఒకరిని పంపారు. ఎదురొచ్చిన జనాన్ని చూసి అతను భయపడి వెనుదిరిగాడు. వారు జకాత్ ఇవ్వమన్నారని, తనను చంపబోయారని చెప్పాడు. కాని వారు ఎదురొచ్చింది స్వాగతం పలకడానికి! కాస్తలో ఒక తెగ మీదికి సైన్యం కదిలేది. సూరా అల్-హుజురాత్ 6వ ఆయత్ ఈ సందర్భంలోనే అవతరించిందని వ్యాఖ్యాతలు రాశారు. నమ్మదగని వ్యక్తి తెచ్చిన వార్తను నిర్ధారించుకోవాలని, లేకపోతే తెలియక ఒక జాతికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని అల్లాహ్ హెచ్చరించాడు.

వాట్సాప్‌లో వచ్చే స్క్రీన్‌షాట్‌ను ఎవరు తీశారో తెలియదు, ఎక్కడ కత్తిరించారో తెలియదు. 2020 ఏప్రిల్‌లో ఒమన్ రాజకుటుంబానికి చెందిన ఒక మహిళ పేరుతో ఒక ప్రకటన ట్విట్టర్‌లో పాకిపోయింది. భారతీయ కార్మికులను దేశం నుంచి పంపేస్తామన్నట్టు అందులో ఉంది. ఎన్నో ఇళ్ళలో గుండెలు దడదడలాడాయి. ఆ ఖాతా తనది కాదని, ఆ మాటలు తనవి కావని ఆమె స్వయంగా వివరణ ఇవ్వవలసి వచ్చింది. రాజకుటుంబీకుల పేరు మీదే దొంగ ఖాతా నడిచినప్పుడు, హైదరాబాదులో ఒక మామూలు ఉద్యోగి పేరు మీద నడవడం ఎంతసేపు?

గల్ఫ్ నేర్పిన పాఠం

ఆ 2020 ఏప్రిల్, మే నెలలనే మరికాస్త గుర్తు చేసుకుందాం. కరోనా వ్యాధిని ముస్లింలకు అంటగడుతూ మన దేశంలో విషప్రచారం సాగింది. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న కొందరు భారతీయులు కూడా అలాంటి రాతలే రాశారు. అవి చూసినవారు వారి కంపెనీలకు తెలియజేశారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో కొన్ని సంస్థలు విచారించి, అలాంటి ఉద్యోగులను తొలగించాయి. 2020 ఏప్రిల్ 20న అక్కడి భారత రాయబారి, వివక్ష మన నైతిక విలువలకు, చట్టానికి విరుద్ధమని, అక్కడున్న భారతీయులు దీన్ని మరవరాదని బహిరంగంగా గుర్తు చేశారు.

మతాలను కించపరచడం, ద్వేషం రగిలించడం ఆ దేశంలో 2015 నుంచే ప్రత్యేక చట్టం కింద నేరం. 2023లో దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చారు. ఆ చట్టం కాపాడేది ఇస్లాంను మాత్రమే కాదు. దేవాలయాన్ని, చర్చిని అవమానించడం కూడా నేరమే. అంటే ముస్లిం నోరు జారినా అదే శిక్ష.

ఆ రోజుల్లో ఫిర్యాదు చేసినవారు తప్పు చేశారని నేను అనను. రోగంతో లోకమంతా అల్లాడుతున్నప్పుడు ఒక సమాజాన్ని వేలెత్తి చూపడం ఘోరం. కాని మన తెలంగాణ పల్లెల నుంచి వెళ్ళినవారి బతుకు మనకు తెలుసు. ఏజెంటుకు అప్పు చేసి కట్టి వెళ్తారు. ఒకే గదిలో మన రహీమూ ఉంటాడు, మన రాములూ ఉంటాడు. ఒకరి అన్నం ఒకరు వండుకుంటారు. ఉద్యోగం పోయి తిరిగొచ్చేవాడితో పాటు అతని అప్పు కూడా ఊరికి తిరిగొస్తుంది. ఆ అప్పు మోసేది నోరు జారినవాడు ఒక్కడే కాదు. అతని తల్లి, భార్య, బడికెళ్ళే పిల్లలు. అందుకే ఫిర్యాదు రాసేవాడి చెయ్యి వణకాలి. భయంతో కాదు, బాధ్యతతో.

రొట్టె ముక్క, శిక్ష

మనం కంపెనీని ఏమి కోరాలి? ఈ ప్రశ్నకు మన చరిత్రలో ఒక అపురూపమైన జవాబుంది.

హజ్రత్ ఆయిషా (రజి) మీద కపటులు అభాండం వేసిన రోజులవి. మదీనాలో ఒక నెల పాటు ఆ విషం పాకింది. ఆ మాటలు పలికినవారిలో మిస్తహ్ (రజి) ఒకరు. ఆయన హజ్రత్ అబూబక్ర్ (రజి)కు బంధువు, నిరుపేద. ఆయన ఇల్లు గడిచేది అబూబక్ర్ (రజి) ఇచ్చే దానితోనే. ఆలోచించండి! తాను అన్నం పెడుతున్న మనిషే తన కన్నకూతురి శీలం మీద నింద మోశాడు. అంతకు మించిన గాయం ఏ తండ్రికి ఉంటుంది? ఇక మిస్తహ్‌కు ఏమీ ఇవ్వనని అబూబక్ర్ (రజి) ప్రమాణం చేశారు. లోకంలో ఎవరూ ఆయనను తప్పుపట్టరు.

కాని అల్లాహ్ సూరా అన్-నూర్ 22వ ఆయత్ అవతరింపజేశాడు. కలిమి ఉన్నవారు బంధువులకు, పేదలకు ఇవ్వబోమని ప్రమాణాలు చేయకూడదని, మన్నించాలని బోధించాడు. అల్లాహ్ మిమ్మల్ని క్షమించాలని మీరు కోరుకోరా అన్న భావంతో ప్రశ్నించాడు. అబూబక్ర్ (రజి) వెంటనే మనసు మార్చుకుని మిస్తహ్ (రజి)కు మళ్ళీ ఇవ్వడం మొదలుపెట్టారు.

ఇక్కడ మూడు విషయాలు జరిగాయి. హజ్రత్ ఆయిషా (రజి) నిర్దోషి అని అల్లాహ్ అందరి ముందూ ప్రకటించాడు. నింద మోసినవారికి శిక్ష పడిందని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. రొట్టె మాత్రం ఆగలేదు. సత్యం నిలిచింది, తప్పుకు శిక్ష పడింది, ఆ ఇంటి పొయ్యి మాత్రం ఆరిపోలేదు.

"ఆయన మన ధర్మంవాడు, బంధువు. మనల్ని తిట్టే పరాయివాడికి ఇది వర్తిస్తుందా?" అని ఎవరైనా అడగవచ్చు. అయితే సుమామా బిన్ ఉసాల్ (రజి) సంగతి వినండి. యమామా నాయకుడైన ఆయన ఇస్లాం స్వీకరించాక మక్కాకు ధాన్యం పంపడం ఆపేశారు. మక్కావాసులు అప్పటికి ఎన్నో ఏళ్ళుగా దైవప్రవక్త (స)ను కవి అన్నారు, పిచ్చివాడన్నారు, రాళ్ళు రువ్వారు. ఆకలికి తట్టుకోలేక వారు ఆయనకే మొరపెట్టుకున్నారు. ధాన్యం పోనివ్వమని ఆయన (స) సుమామాకు రాయించారని సీరత్ గ్రంథాల్లో ఉంది. తనను తిట్టిన నోళ్ళకు అన్నం అందకుండా చేయడం ద్వారా గెలవాలని కారుణ్యమూర్తి (స) కోరుకోలేదు.

అలాగని ఎవరినీ ఎప్పుడూ ఉద్యోగం నుంచి తీసేయమని కోరకూడదా? కోరవలసిన సందర్భాలున్నాయి. ఒక డాక్టరు ఫలానా మతంవారికి వైద్యం చేయనంటే, ఒక టీచరు తరగతిలో పిల్లలను మతం పేరుతో హీనపరిస్తే, అధికారంలో ఉన్నవాడు హింసకు ఉసిగొలిపితే, అతణ్ణి ఆ కుర్చీలో ఉంచడం ఇతరులకు ప్రమాదం. అక్కడ తొలగించమని కోరడం పగ కాదు, రక్షణ. 2018 జనవరిలో కఠువాలో ఎనిమిదేళ్ళ పసిపిల్ల హత్యాచారానికి బలైంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో కొచ్చిలో ఒక ప్రైవేటు బ్యాంకు ఉద్యోగి ఆ చావును సమర్థిస్తూ రాశాడు. అతణ్ణి తీసేయాలని మతభేదం లేకుండా ఎంతోమంది ఆ బ్యాంకుకు రాశారు. పనితీరు బాగాలేదని అతణ్ణి తొలగించామని చెప్పిన బ్యాంకు, ఆ రాతను తీవ్రంగా ఖండించింది. అలాంటి మాట వేరు, తగవులో నోరు జారిన మాట వేరు. కీడుకు ప్రతిఫలం ఆ కీడుకు సమానంగానే ఉండాలని, మన్నించి సంస్కరించేవారి ప్రతిఫలం అల్లాహ్ బాధ్యత అని సూరా అష్-షూరా 40వ ఆయత్ బోధిస్తోంది. కొలత దాటితే బాధితుడే దౌర్జన్యపరుడవుతాడు.

ఉత్తరం ఎలా రాయాలి?

వీలైతే ముందు ఆ వ్యక్తికే మర్యాదగా చెప్పండి. చాలామంది అక్కడే తప్పు తెలుసుకుని తుడిచేస్తారు. వినకపోతే సంస్థకు రాయండి. మీరు కళ్ళారా చూసిన మాటలను ఉన్నవి ఉన్నట్టు, ముందువెనుకలతో సహా, తేదీతో పెట్టండి. ఆ మాటలు రాసింది అతనేనని మీకెలా తెలిసిందో చెప్పండి. మీ పేరు, ఊరు రాయండి. దొంగ పేరుతో రాసే ఫిర్యాదు అల్లాహ్ దగ్గర దాగదు. "విచారించండి, ఆయన మాట కూడా వినండి, తప్పని తేలితే సరిదిద్దండి" అని కోరండి. శిక్ష ఎంతో నిర్ణయించడం విచారించేవారి పని.

ఆ వ్యక్తి ఇంటి అడ్రసు, భార్యాపిల్లల ఫోటోలు, ఫోను నంబరు ఎవరికీ పంచకండి. బెదిరించకండి. అది హరామ్, చట్టం ముందు నేరం కూడా. వర్గాల మధ్య ద్వేషం రగిలించే మాటలైతే పోలీసులకు చెప్పండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 196, 299 సెక్షన్లు అలాంటి వాటి కోసమే ఉన్నాయి.

మన నాలుక సంగతి?

మదీనాలో ఒకడు కవచం దొంగిలించి, ఆ నేరాన్ని ఒక యూదుని మీదికి నెట్టాడు. దొంగ తరఫున అతని వాళ్ళంతా వకాల్తా పుచ్చుకున్నారు. సూరా అన్-నిసా 105వ ఆయత్ నుంచి అల్లాహ్ ఆ యూదుని నిర్దోషిత్వాన్ని వెల్లడించాడని వ్యాఖ్యాతలు రాశారు. మనవాడా, పరాయివాడా అని చూసేది న్యాయం కాదు.

ఫిర్యాదు దెబ్బ ఎలా ఉంటుందో మన ఇళ్ళకూ తెలుసు. 2019 అక్టోబరులో హైదరాబాదులో, అన్నం తెచ్చిన యువకుడు ముస్లిం అని తెలిసి ఒకరు దాన్ని తీసుకోలేదని వార్తలొచ్చాయి. బైకు మీద తిరిగి పొట్టపోసుకునే మన పిల్లల బతుకు ఎవరో వేసే ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. మన పిల్లల మీద అబద్ధపు ఫిర్యాదు వస్తే "విచారించండి సార్" అని వేడుకుంటాం. ఇతరులకూ అదే కోరాలి కదా!

న్యాల్‌కల్ యువకుడు రెండు రోజుల తర్వాత ఫోను చేశాడు. స్నేహితులతో కలిసి అసలు పోస్టు వెదికారట. స్క్రీన్‌షాట్‌లో రెండు మాటలున్నాయి. మొదటిది ఆ ఉద్యోగిదే. మరీ నీచమైన రెండోది వేరెవరో రాసింది. ఎవరో రెంటినీ అతికించారు! అయిదొందల ఉత్తరాలు వెళ్ళి ఉంటే, ఒకరి పాపం ఇంకొకరి మెడకు చుట్టుకునేది. వాళ్ళు పదకొండుమంది పేర్లతో ఒకే ఉత్తరం రాశారు. మొదటి మాట మాత్రమే పెట్టారు. కంపెనీ నుంచి అందిందని, విచారిస్తామని జవాబు వచ్చింది. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు.

ఆ అబ్బాయి ఇంకొకటి కూడా చెప్పాడు. వెదుకుతుండగా తన ఫోన్లోనే ఒక వీడియో కనిపించిందట. పొరుగువారి దేవుళ్ళను ఎగతాళి చేసే వీడియో. తానే నలుగురికి పంపాడు. ఇతరులు పూజించేవాటిని దూషించవద్దని సూరా అల్-అన్ఆమ్ 108వ ఆయత్ వారించిన సంగతి అప్పుడు గుర్తొచ్చిందట. "దాన్ని తీసేశాను మౌలానా సాబ్. పంపిన వాళ్ళకు కూడా చెప్పాను" అన్నాడు. ఆ మాట విని నా కళ్ళు చెమ్మగిల్లాయి.

సోదరులారా! నమాజులు, రోజాలు, జకాత్ అన్నీ తెచ్చుకుని కూడా ప్రళయదినాన దివాలా తీసేవాడి గురించి దైవప్రవక్త (స) హెచ్చరించారు. అతను ఒకరిని తిట్టాడు, ఒకరి మీద అభాండం వేశాడు. అతని పుణ్యాలన్నీ వారికి పంచేస్తారు. పుణ్యాలు అయిపోతే వారి పాపాలు అతని మీద వేస్తారు. ఫిర్యాదు కంపెనీ దగ్గర ఒక కాగితం. అల్లాహ్ దగ్గర అది ఒక సాక్ష్యం. రేపు ఆయన ముందు నిలబడి చదవగలిగిన ఉత్తరమే ఈ రోజు రాద్దాం.

అల్లాహ్ మనకు అన్యాయాన్ని ఎదిరించే ధైర్యాన్ని, కోపంలోనూ న్యాయం తప్పని నిగ్రహాన్ని ప్రసాదించుగాక! మన నాలుకలను, మన వేళ్ళను పాపం నుంచి కాపాడుగాక! ఆమీన్.